నది అవతల పడుకున్న పిల్లలు

పులిహోర కలుపుతుంటే మా ఆయన రాజీవ్ వంటింట్లోకి తొంగిచూసి, "పవన్ వాళ్లక్కూడా సరిపోతుందిగా?" అన్నాడు. సాయం చేయనా అనలేదు. ట్రిప్ ప్లాన్ చేసింది పవన్, రాజీవ్ ఆఫీసు టీమ్‌లో మిగతావాళ్లు. తిండి మాత్రం ఎవరూ అడక్కుండానే నా పనైపోయింది.

అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో తెల్లవారుతూనే కార్లలో బయల్దేరి, మధ్యాహ్నానికి నది ఒడ్డున బోటు ఎక్కాం. అవతలి ఒడ్డున మేం చూడబోయేది, ఎప్పుడో రష్యా నుంచి పారిపోయి వచ్చిన యూదులు అడవి కొట్టి కట్టుకున్న ఊరట. ఇప్పటికీ అక్కడికి రోడ్డు లేదు. బోటులో అందరూ గ్రీన్‌కార్డుల గురించి మాట్లాడుకున్నారు. నేను ప్లేట్లు అందించాను.

ఊరంటూ ఏమీ మిగల్లేదు. ఇళ్ల పునాదులు, పూడిపోయిన బావి, చిన్న శ్మశానం. చూపించడానికి వచ్చిన రూత్ అనే పెద్దావిడ పూర్వీకులది ఆ ఊరే. వరదలు, మలేరియా తట్టుకోలేక కొద్ది ఏళ్లకే అంతా వెళ్లిపోయారని చెప్పింది. శ్మశానం చివర, సమాధి రాళ్లు లేని పల్లపు నేల దగ్గర ఆగింది.

"ఇక్కడున్నది పసివాళ్లు. నెల నిండకుండా పోయిన బిడ్డ కోసం అప్పట్లో మావాళ్లు సంతాపం పాటించేవారు కాదు. తల్లులు మాత్రం నీళ్లకని చెప్పి వచ్చి ఇక్కడ కూర్చునేవారని మా అమ్మమ్మ చెప్పేది."

అక్కడే కూలబడ్డాను.

మూడేళ్ల కిందట, ఏడో నెలలో, నా రెండో కూతురు ఊపిరి లేకుండా పుట్టింది. గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. గోళ్లు కూడా వచ్చేశాయి దానికి. "కడుపులోనే పోయినదానికి ఏడిస్తే ఇంటికి అరిష్టం. పెద్దపిల్ల ఆద్య ముందు ఆ మాటే ఎత్తకు," అంది అత్తయ్య వీడియో కాల్‌లో. ఆ వారాంతమే రాజీవ్ ఫ్రెండ్స్‌ని డిన్నర్‌కి పిలిచాడు. "బిజీగా ఉంటే నువ్వే మర్చిపోతావు," అన్నాడు. తాగే బిడ్డ లేదని పాలకేం తెలుసు? చున్నీతో గుండెలు బిగించి కట్టుకుని చపాతీలు కాల్చాను. జాకెట్టు తడిస్తే చెమట అనుకున్నారందరూ.

"నమ్రతా, బోటుకి టైమ్ అవుతోంది. అందరూ వెయిట్ చేస్తున్నారు," అంటూ వచ్చాడు రాజీవ్. వెనకే ఆద్య.

"అమ్మా, వై ఆర్ యూ క్రయింగ్?"

ఎనిమిదేళ్లది. ఇంకెన్నాళ్లు దాయను? "నీకో చెల్లెలు పుట్టింది, ఆద్యా. పుట్టేసరికే చనిపోయింది."

"నమ్రతా, ప్లీజ్! పిల్లకెందుకివన్నీ?"

ఆద్య అతనివైపు చూడలేదు. నా పక్కన మట్టిలో కూర్చుంది. "తన పేరు ఏంటి?"

"మందాకిని." బాత్‌రూమ్‌లో షవర్ తిప్పుకుని తప్ప ఎన్నడూ పైకి అనని పేరు. బయట, గాలిలో వింటే అది నిజంగా ఒక మనిషి పేరులా ఉంది.

రాజీవ్ ముఖం పాలిపోయింది. "పేరు పెట్టావా? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"ఒక్కరోజైనా అడిగావా?"