బొంగరం మాత్రలు

పిల్లవాణ్ని ఇంట్లో బొంగరం అని పిలిచేవాళ్లు. ఒక్కచోట నిలిస్తే ఒట్టు. అన్నం తింటూ గదులన్నీ చుట్టొచ్చేవాడు, హోంవర్కు కుర్చీలో మొదలుపెట్టి బల్ల కింద తేలేవాడు. బళ్లో వేసిన కొన్నాళ్లకు డాక్టరమ్మ చూసి, ఇది అల్లరి కాదమ్మా, వీడి బుర్ర ఒకదాని మీద నిలవలేకపోతోంది అని చెప్పి, పొద్దున్నే వేయమని ఒక తెల్ల మాత్ర రాసిచ్చింది. అది పడ్డాక బొంగరం కుదురుగా కూర్చుని పేజీ చివరిదాకా చదివాడు. తల్లి వంటింట్లోకి వెళ్లి సంతోషం పట్టలేక ఏడ్చింది. ఆ తల్లే తర్వాత ఆ పని చేసిందంటే, ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ఆమె కోర్టులో టైపిస్టు. సాక్షి నోట్లోంచి మాట వచ్చీరాగానే తెరమీదికి ఎక్కించాలి. లాయర్లిద్దరూ ఒకేసారి గొంతు చించుకున్నా, సాక్షి నసిగినా, ఏడ్చినా ఒక్క ముక్క జారకూడదు. ఆ మధ్య హాల్లోకి ఒక యంత్రం తెచ్చారు. అదే వింటుందట, అదే టైపు చేస్తుందట. ఇకమీదట తప్పులు తక్కువ చేసేవాళ్లనే ఉంచుకుంటామని పెద్ద గుమాస్తా చల్లగా చెప్పిపోయాడు. అప్పట్నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. భర్తకు చెప్పుకుందామంటే ఆయన సరుకు ఓడ మీద మెకానిక్కు, ఏ సముద్రంలో ఉన్నాడో! నిద్రలేని తలతో కూర్చుంటే వేళ్లు తడబడ్డాయి. ఒకరోజు సాక్షి చెప్పిన రెండు వాక్యాలు గాలికి పోయాయి. జడ్జిగారు కళ్లజోడు మీంచి ఆమెను చూశారు.

బొంగరానికి జ్వరం వచ్చి మాత్ర ఆపిన రోజున దాన్ని ఆమె వేసుకుంది. ఒక్కటే కదా అనుకుంది. అబ్బో, ఆ రోజు చూడాలి ఆమెను! హాలు వెనకాల గుసగుస కూడా చెవిన పడింది, వేళ్లు పరుగందుకున్నాయి, గుండెలో దడ ఎటు పోయిందో పోయింది. పెద్ద గుమాస్తా అంతటివాడు ఆగి, బాగా చేశావమ్మా అన్నాడు. ఆ తర్వాత ఆదివారం మాత్రలు ఆమెవయ్యాయి. సెలవు రోజున పిల్లాడు ఎగిరితే కొంపలేం మునుగుతాయని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఆదివారాలవి చాలలేదు. మిగతా రోజులవీ ఒక్కొక్కటే ఆమె సంచిలోకి చేరాయి.

వాడికి ఏదో ఒకటి వేయాలి కదా. విటమిను మాత్రలూ తెల్లగానే ఉంటాయి. పొద్దున్నే వాడు నోరు తెరిచి నాలుక చాపేవాడు, ఆమె దాని మీద విటమిను పెట్టి నీళ్లిచ్చేది. ఈ పాపం మానేద్దామని ఆమెకు తట్టలేదా అంటే, తట్టింది. మాత్ర లేకుండా పనికి వెళ్లింది కూడా. మధ్యాహ్నానికల్లా తల మొద్దుబారిపోయి, మాటలు వినిపిస్తున్నా ఏదీ పట్టుకోలేక, బాత్రూములో కూర్చుని ఏడ్చి, సంచిలోది మింగి బయటికొచ్చింది.

బొంగరం మళ్లీ మొదటికొచ్చాడు. పాఠం మధ్యలో కిటికీ ఎక్కాడు, పక్కపిల్ల బొమ్మ మీద రంగంతా ఒలకబోశాడు. టీచరు పిలిపించి, తనకూ బాధగానే ఉందని, ఇలాగే ఉంటే వచ్చే టర్ముకి వేరే బడి చూసుకోక తప్పదని చెప్పింది. ఇంటికి వచ్చేటప్పుడు వాడు గెంతలేదు, గోడలెక్కలేదు. తల్లి పక్కనే బుద్ధిగా నడిచాడు.

"అమ్మా, మాత్ర వేసుకున్నా నేనింతేనా?"

ఆమె సంచిని ఇంకో భుజానికి మార్చుకుంది.

"నేను ప్రయత్నించానమ్మా. నిజంగా. లేవకూడదని కుర్చీ గట్టిగా పట్టుకున్నా. అయినా లేచేశాను."

వాడి అరచేతులు ఇంకా ఎర్రగా కందే ఉన్నాయి. ఆమె వాటిని పట్టుకుని రోడ్డు పక్కనే చతికిలబడింది. ఏమైతే అదయింది, డాక్టరమ్మ దగ్గర అంతా చెప్పేద్దామనుకుంది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. ఆ క్షణాన నిజంగానే అనుకుంది, అందులో అబద్ధం లేదు.

డాక్టరమ్మ టీచరు ఫిర్యాదంతా ఓపిగ్గా వింది. వాడి బరువు చూసింది, కళ్లు చూసింది. ఆ తర్వాత తల్లివైపు తిరిగి, రోజూ తప్పకుండా వేస్తున్నారు కదా అని అడిగింది.

"నా చేత్తోనే వేస్తున్నానండీ."

ఇంకా సమయం ఉంది, చెప్పేయవచ్చు. ఈలోగా డాక్టరమ్మ నిట్టూర్చి, అయితే ఇది వీడికి పడలేదమ్మా, ఆపేసి వేరే మందు మొదలుపెడదాం, బడివాళ్లతో నేను మాట్లాడతాను అంది. కొడుకుకు అంతకంటే మంచి మాట ఇంకోటి లేదు. కానీ ఆమెకు ముందు గుర్తొచ్చింది కొడుకు కాదు. హాలు గుర్తొచ్చింది, బల్లమీది యంత్రం గుర్తొచ్చింది, మొద్దుబారిన తన తల గుర్తొచ్చింది. ఆ మాత్ర లేని రేపటిని ఊహించుకోలేకపోయింది.

"ఇంకొక్క నెల ఇదే వాడదామండీ" అంది ఆమె. "మందు మంచిదే. వీడే సరిగ్గా ప్రయత్నించడం లేదు."

బొంగరం తల్లి మొహంలోకి చూశాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "అవునండీ, నేనే ప్రయత్నించలేదు" అన్నాడు.