రెండు కాగితాలు

"ఇంత పనా? ఇదంతా ఎప్పుడు చేస్తావు నువ్వు?" ఫ్రిజ్ తలుపుకు ఆమె అంటించిన కాగితం చదివి భర్త నవ్వాడు. అత్తగారికి ఏ పూట ఏ మాత్ర, నీళ్ల మోటారు ఎప్పుడు ఆపాలి, పాప బడి బట్టలు ఏ రోజు ఏవి. రెండు వైపులా రాసినా చోటు చాలలేదు. మర్నాడు తను ఆసుపత్రిలో చేరాలి. ఆమె కూరలు డబ్బాల్లో సర్దుతూనే ఉంది.

అండాశయ క్యాన్సర్ పోయిందనుకున్న రెండేళ్లకు మళ్లీ వచ్చింది. ఈసారి పొట్టంతా పాకిందట. కనబడిన గడ్డలన్నీ కోసి తీసేశాక, ఆపరేషన్ బల్లమీదే, వేడిచేసిన కీమో మందును పొట్టలో తొంభై నిమిషాలు తిప్పుతామని సర్జన్ చెప్పింది. కంటికి దొరకని కణాల కోసమట. ఆ రోజునుంచి పొయ్యిమీద నీళ్లు మరిగితే చాలు, ఆమె మంట ఆర్పేసి పక్కకు జరుగుతోంది. మత్తులో ఏమీ తెలియదని ఎంత నచ్చజెప్పుకున్నా ఒళ్లు వినడం లేదు.

"మొదటి ఆపరేషన్ అయిన ఆరో రోజుకే లేచి వంట చేశావు కదమ్మా, ఇదీ అంతే," అంది అత్తగారు, ధైర్యం చెప్పాననుకుని.

మర్నాడు వార్డులో నర్సు అంగీకార పత్రం తెచ్చింది. "మీవారు అన్నీ నింపేశారు. మీరు సంతకం పెడితే చాలమ్మా."

ఆమె చదివింది. పేగు కోయవలసి వస్తే, మలం బయటికి రావడానికి పొట్టకు సంచి పెట్టవచ్చా? ఎదురుగా భర్త గుండ్రటి అక్షరాలు: వద్దు.

"ఏమిటండీ ఇది?"

"అదా! సంచి తగిలించుకుని నలుగురిలో ఎలా తిరుగుతావు? నీకోసమే రాశాను."

"పెట్టకపోతే ఏమవుతుంది?" నర్సును అడిగింది.

"పేగుమీద గడ్డ వదిలేయాల్సి రావచ్చు. గడ్డ మిగిలితే వేడి మందు అంతగా పనిచేయదమ్మా."

ఆమె ఇన్నాళ్లూ కత్తికి భయపడింది, మందుకు భయపడింది, మళ్లీ కళ్లు తెరవనేమోనని భయపడింది. పక్క కుర్చీలో కాలు ఊపుతూ కూర్చున్న మనిషికి భయపడాలని తట్టలేదు.

కలం అందుకుని ఆ మాట కొట్టేసింది. పక్కనే రాసింది: పెట్టండి.

"అదేమిటి, నాతో ఒక్క మాటైనా..." అన్నాడతను.

"ఇంటి కాగితం మీకు రాసిచ్చాను. ఇది నేను రాసుకుంటాను."

సంతకం సగంలో కలం జారింది. ఆమె నర్సువైపు బొటనవేలు చాపింది.

"చెయ్యి నిలవడం లేదమ్మా. సంతకం కలవకపోతే వేలిముద్ర కూడా తీసుకో."