తట్ట పన్ను

ఆదినారాయణ చుట్టకుదురు నెత్తిమీద సర్దుకుని, ఆకుకూరల తట్ట ఎత్తమని భార్యకు సైగ చేశాడు. బట్టతల మీద తట్ట అటూ ఇటూ ఊగింది. ఇంటి వరండాలో నాలుగడుగులు వేసి దించేసరికి మెడనరాలు ఉబ్బిపోయాయి.

"పన్నుల మాట నోటితో చెప్తే చాలదేటి?" అంది అచ్చియమ్మ.

రైల్వే లెక్కల ఆఫీసు వదిలేసి ఆయన పట్టుకున్న పని అదే. ఏ పన్ను ఎవరి నెత్తిన పడుతుందో జనానికీ ప్రభుత్వానికీ విప్పి చెప్పడం. భోపాల్లో బడ్జెట్ తయారుచేసేవాళ్లు కూడా పిలిచి సలహా అడిగేవారు, తలలూపి, మరిచిపోయేవారు. పెళ్లిపందిట్లో కూడా పన్నులే మాట్లాడతాడని బంధువులు ఆయన పక్క కుర్చీ ఖాళీగా వదిలేసేవారు. ఆయనకు అదీ హాయిగానే ఉండేది.

ఆ హిందీ ఊళ్లో, గోల్ బజార్లో నేలమీద కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లు తట్టకింతని మునిసిపాలిటీకి పన్ను కట్టాలి, సరుకు అమ్ముడైనా కాకపోయినా. దాన్ని ఎత్తేయించాలని ఆయన ఏళ్లుగా పట్టిన పట్టు. ఇవాళ మునిసిపాలిటీ బడ్జెట్ సభ. తట్ట తనే మోసుకెళ్లి, సభ్యులందరి ముందూ దించి ఉపన్యాసం ఇవ్వాలని ఆయన ఎత్తు.

తట్ట అరువిచ్చిన కూరలమ్మే అప్పలనర్సమ్మ గేటు దగ్గరే ఆయన్ని ఆపేసింది. "మీ మెడ ఇరిగిపోద్ది బాబూ, నానే తెస్తాను" అని తన చుట్టకుదురు మీదికే ఎత్తించుకుంది. ఆయనది పిట్టగోడ మీద ఉండిపోయింది.

సభలో ఆమె తట్ట దించింది. ఆదినారాయణ గొంతు సవరించుకున్నాడో లేదో, అధ్యక్షుడు టైము లేదని, తట్ట బయటికి తీసుకుపొమ్మన్నాడు. అప్పలనర్సమ్మ చుట్టకుదురు మళ్లీ పెట్టుకుని, కాస్త చెయ్యి వెయ్యమని బజారు హిందీలో ఆ అధ్యక్షుణ్ణే అడిగింది. బరువెత్తమని అడిగితే కాదనడం ఆ బజారులో లేదు. అధ్యక్షుడు అలవాటుగా లేచి రెండు చేతులా పట్టాడు. సగం ఎత్తి ఆగిపోయాడు. సాయంత్రం మిగిలితే ఇదంతా మళ్లీ మోసుకెళతావా అని అడిగాడు. పన్ను కట్టి మరీ మోసుకెళతానంది ఆమె.

ఆ పూటే తట్ట పన్ను పోయింది.

సాయంత్రం ఆదినారాయణ వరండాలో పడక్కుర్చీలో వాలాడు. అంత తృప్తిగా ఆయన్ని అచ్చియమ్మ పెళ్లినాడు కూడా చూడలేదు.

"ఉపన్యాసం బాగా చెప్పారా?"

"నేనేటీ మాటాడనేదే. ఆవిడే ఎత్తించీసింది."

ఆమె టీ పెట్టి తెచ్చింది. పిలిస్తే పలకలేదు. భుజం మీద చెయ్యి వేసింది. ముఖంలో నవ్వు అలాగే ఉంది, మనిషి లేడు.

ఆమె పాత చీర చింపి చుట్టిన చుట్టకుదురు, పొద్దున ఆయన తల ఆనిన చోట కాస్త అణిగి, పిట్టగోడ మీదే ఉంది.