ఢిల్లీబాబు చొక్కా

నాగులమ్మ పొద్దున్నే లేచి చేసే మొదటి పని పొయ్యి ముట్టించడం కాదు. పెరట్లో తాడు మీద వేలాడే కొడుకు చొక్కా కింద అరచెయ్యి పెట్టి నిలబడుతుంది. నీలం గళ్ల చొక్కా. దాని అంచు నుంచి ఒక ఉప్పునీటి చుక్క చేతిలో పడేదాకా కదలదు. ఆ తర్వాతే కొంగు దోపుకుని గంజికి ఎసరు పెడుతుంది.

ఆ చొక్కా ఆరదు. నడివేసవి కత్తిరి ఎండలకు వాకిట్లో పరిచిన చేపలు గలగలలాడాయి, ఒడియాలు గలగలలాడాయి, చొక్కా మాత్రం ఆరలేదు. పులికాట్ సరస్సు ఒడ్డున ఆ చిన్న ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చూడరు. చొక్కా కింద పేరుకునే ఉప్పును పక్కింటి జ్ఞానాంబ చిటికెడు తీసుకుపోయి మజ్జిగలో వేసుకుంటుంది. పడవలకు పోయే మగవాళ్లు దడి మీదుగా తొంగిచూస్తారు. చుక్కలు నిదానంగా పడితే నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు. గబగబా రాలుతుంటే ఆ పూట పడవ దించరు.

"నాగులక్కా, ఈ పొద్దు పిల్లోడు ఎట్టుండాడు?" అని జ్ఞానాంబ అడుగుతుంది.

"నిమ్మళంగా ఉండాడు" అంటుంది నాగులమ్మ.

పిల్లోడంటే ఢిల్లీబాబు, ఒక్కగానొక్క కొడుకు. పోయినేడు మొగ దగ్గర, అంటే సరస్సు సముద్రంలో కలిసేచోట, వాళ్ల పడవ లంగరు అడుగున దేనికో తగులుకుంది. "నువ్వుండు నాయనా, నేను చూస్తా" అని తండ్రి జయరావుతో చెప్పి, చొక్కా విప్పి పడవ అడుగున నిలిచిన నీళ్లలో పడేసి దూకాడు. తడిసిన చొక్కా ఆ సాయంత్రం ఇంటికొచ్చింది. పిల్లోణ్ణి మర్నాడు మోసుకొచ్చారు. రెండు కాళ్ల చీలమండల చుట్టూ దారం కోసిన గాట్లు. అడుగున పడున్న పాత వల ఏదో పట్టేసిందని అందరికీ తెలిసిపోయింది.

ఏ వల అంటే ఎవరు చెబుతారు? ఆ ఊరి ఆచారం అటువంటిది. పాతబడిన వలను అక్కడ ఒడ్డున పారెయ్యరు, కాల్చరు. ఆషాఢంలో వచ్చే ఆడి నెలలో పసుపు కుంకుమ పెట్టి, పడవలో తీసుకుపోయి నీళ్లలో వదిలి గంగమ్మకు అప్పజెబుతారు. ఇన్నాళ్లూ అన్నం పెట్టిన వస్తువును తగలబెట్టడానికి చేతులెట్లా వస్తాయి చెప్పండి!

అట్లాంటి ఊరికి తిరుపతి కాలేజీ నుంచి రెబెకా అనే టీచరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమెది వడమాలపేట. ఉద్యోగం వచ్చేదాకా సముద్రం మొహం చూళ్లేదని తనే చెప్పి నవ్వుతుంది. "అడుగునుండే వలలు తాబేళ్లను, గుడ్ల మీదుండే చేపల్ని ఊరికే సంపేస్తా ఉండాయి. మనందరం కలిసి తీసేద్దాం. యాడున్నాయో మీకే తెలుసు" అంది. ఊరు సరేనంది. తీరా చూస్తే ఎవరికీ తెలియలేదు. పెద్దలు తలా ఒక దిక్కు చూపించారు. కొక్కేలు వేసి లాగితే బురదొచ్చింది, మళ్లీ వేస్తే మళ్లీ బురదొచ్చింది. అప్పుడు జయరావు గొంతు సవరించుకుని, "మా పిల్లోడికి తెలుసు" అన్నాడు.

చొక్కాను వెదురుబొంగుకు తగిలించి పడవలో పెట్టుకుపోయారు. ఒకచోట చుక్కలు వానలా రాలాయి. అక్కడ కొక్కెం వేస్తే వల పైకొచ్చింది, లోపల తాబేటి చిప్ప ఒకటి, పీతలు, ఎముకలు. కాలేజీ పిల్లలు కేకలు పెట్టారు, ఊరివాళ్లు ఈలలు వేశారు. రెబెకా చొక్కాను రెండు చేతులతో పట్టుకొచ్చి నాగులమ్మకు ఇచ్చి, "మీ వాడి పుణ్యం అత్తా" అంది.

నాగులమ్మ దాన్ని తాడు మీద వేసింది. వేస్తూ తడిమి చూసుకుంది. చొక్కా కుడి చెయ్యి ఆరిపోయి ఉంది.

ఇంకో వల తీసిన రోజు ఎడమ చెయ్యి ఆరింది. ఆ తర్వాత కాలరు. కాలరు దగ్గరే కదా వాడి వాసనంతా ఉండేది! కొబ్బరినూనె, చెమట, వాడు దొంగచాటుగా తాగే బీడీ. మగవాళ్లు ఇదేమీ గమనించలేదు. ఆ సాయంత్రం నాగులమ్మ చొక్కాను ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టి మూత వేసి, దాని మీద కూర్చుంది.

"ఇంక ఇయ్యను. ఇంకొక్కటి లాగితే వాడు మొత్తం ఆరిపోతాడు."

"ఇంకొకటే ఉండాది మే, మొగ దగ్గర" అన్నాడు జయరావు. "మనోణ్ణి పట్టింది అదే."

"ఉండనీ. పట్టేదేందో పట్టేసింది కదా."

"జ్ఞానాంబ కొడుకు మునిచంద్ర రేపట్నించి ఆడికే పోతాడంట."

ట్రంకు పెట్టె మూలనుంచి నీళ్లు కారి నాగులమ్మ పాదాల కిందికి వచ్చాయి.

"మరి నాకేం మిగుల్తాదయ్యా?" అంది నాగులమ్మ.

"నాకు మాత్రం ఏం మిగిలుండాది? నువ్వు దాన్ని మొహానికి అద్దుకుంటావు. నేను రోజూ తాడు కింద పోతా, తల తడుపుకుంటా ఉండా" అన్నాడు జయరావు. కొడుకు పోయిన రోజు కూడా ఏడవని మనిషి ఆ మాట అని భోరుమన్నాడు.

తెల్లారింది. దడి అవతల మునిచంద్ర తెడ్లు భుజానేసుకుని బయల్దేరుతున్నాడు. జ్ఞానాంబ అలవాటుగా, "నాగులక్కా, పిల్లోడు ఎట్టుండాడు?" అంది. నాగులమ్మ లోపలికి పోయి పెట్టె తెరిచి, చొక్కా తీసుకుని, తనే వచ్చి పడవెక్కింది.

మొగ దగ్గర చొక్కా వొళ్లో పెట్టుకుని కూర్చుంటే చీరంతా తడిసిపోయింది. కొక్కెం తగిలింది. జయరావు, మునిచంద్ర, రెబెకా, కాలేజీ పిల్లలు అందరూ పట్టి లాగారు. పచ్చ నైలాను వల. మధ్యలో ఎర్ర దారంతో వేసిన మాసిక. నాగులమ్మ చెయ్యి చాపి ముడులు తడిమింది. ఊళ్లో అందరి ముడులూ కుడికి తిరుగుతాయి, ఇవి ఎడమకు తిరిగి ఉన్నాయి. ఎడమచేతి వాటం మనిషి ఆ ఊళ్లో తనొక్కతే. ఆ ముడుల్ని చూసి కొడుకే ఎన్నిసార్లు ఎక్కిరించాడో.

ఈ వలకు పసుపు రాసింది తనే. అప్పుడు ఢిల్లీబాబు, "ఒడ్డుమిందనే కాల్చేద్దాం లేమ్మా, నైలాను ఇది, నీళ్లలో కరగదు" అన్నాడు. "అన్నం పెట్టినదాన్ని కాలుస్తార్రా పాపిష్టోడా!" అని వీపున ఒకటి చరిచింది. వాడు నవ్వుకుంటూ పడవ నడిపి, అమ్మ చూపించినచోటే వదిలాడు.

"ఇది నాదే" అంది నాగులమ్మ.

జయరావు పక్కన కూలబడ్డాడు. "మన అవ్వోళ్లవి నూలు వలలు మే. ఏడాది తిరిగేలోపల మట్టయిపోతా ఉన్నె. ఇది ఇట్టుంటాదని మనకెవురు జెప్పినారు?"

"వాడు జెప్పినాడు."

వొళ్లో చొక్కా అంచు నుంచి పైకి ఆరుకుంటూ వచ్చింది. నాగులమ్మ గబుక్కున మొహానికి అద్దుకుంది. ఎండ వాసన తప్ప ఏమీ లేదు. "ఓరి నాయనా, నేనే సంపుకుంటిని కదరా" అని ఆమె పెట్టిన ఏడుపుకు తెప్పల మీది కొంగలు లేచిపోయాయి. ఆ ఏడుపులో ఎప్పుడు మొదలైందో ఏమో, ఆమె ఎడమ అరచేతి నుంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి.

ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరూ వలను నీళ్లలో వదలరు. పసుపు కుంకుమ పెట్టి ఒడ్డునున్న కొట్టంలో పెడితే కాలేజీ వాళ్లు బండిలో తీసుకుపోతారు. చొక్కాను జయరావు తొడుక్కుని పడవకు పోతాడు, అది అన్ని చొక్కాల్లాగే తడుస్తుంది, ఆరుతుంది. మగవాళ్లు దడి మీదుగా తొంగిచూసేది నాగులమ్మ చేతిని. దారం జారిపోతుంది కాబట్టి ఆమె ఇక వల అల్లలేదు. రెబెకాతో బస్సెక్కి బడులకు పోతుంది.

మొన్న పాకాలకు పోయారు. రైళ్లు తప్ప అలలెరగని ఊరు. ముందు వరసలో కూర్చున్న లోహిత అనే పాప, "సముద్రం ఎట్టుంటాదవ్వా?" అని అడిగింది. నాగులమ్మ ఎడమ చెయ్యి చాపింది. పాప వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని, "అబ్బా, ఉప్పు!" అంది.

అప్పుడు నాగులమ్మ తాబేళ్ల గురించి చెప్పింది, గుడ్లు పెట్టే చేపల గురించి చెప్పింది, కరగని వలల గురించి చెప్పింది. చివర ప్రతి బడిలో చెప్పేదే ఇక్కడా చెప్పింది. "నా బిడ్డను పట్టింది నా వలే. వద్దని వాడు జెప్పినాడు, నేను ఇన్లేదు."

లోహిత లేచొచ్చి తన చున్నీతో ఆ అరచెయ్యి తుడిచింది. మళ్లీ తడి ఊరింది. మళ్లీ తుడిచింది.

"అది ఆరదు తల్లీ, ఇడిసెయ్" అంది నాగులమ్మ.

"ఆరేదాకా తుడుస్తా" అంది పాప.

నాగులమ్మ చెయ్యి అట్లాగే ఇచ్చి కూర్చుంది.