మీగడ రంగు మీద గోధుమ గీత

టీసీ గారు రిటైరయ్యారు గానీ ఆయనలోని టీసీ రిటైరు కాలేదు. రైళ్ళలో టికెట్లు చూసీ చూసీ, ఏ మొహం కనబడినా 'వీడేం దాస్తున్నాడు' అనుకోవడం ఆయన కళ్ళకి అలవాటైపోయింది. కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూసేవాణ్ణి, పెట్టెలో అడుగు పెట్టగానే గురక మొదలెట్టేవాణ్ణి, అడక్కుండానే నవ్వేవాణ్ణి ఆయన ఇట్టే పట్టేసేవారు. ఆ విద్య ఇప్పుడు వాడే చోటు లేక, కూరగాయలవాడి తక్కెడ మీదా, మెట్ల మీద ఎదురయ్యే వాళ్ళ మీదా ప్రయోగిస్తుండేవారు. అనుమానం పెనుభూతం అంటారు. టీసీ గారింట్లో ఆ భూతానికి మూడు పూటలా భోజనం దొరికేది.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే భార్య కాఫీ చేతికిచ్చి, వంటగది కబోర్డులకి రంగు మార్పిద్దామనుకుంటున్నానండీ అంది. ఏం రంగు అని అడిగితే మీగడ రంగంది.

టీసీ గారికి పొలమారింది. ఆ కబోర్డులు నల్లగా నిగనిగలాడే ముదురు గోధుమ రంగువి. ఇల్లు కొన్నప్పుడు ఆ రంగు ఏరి కోరి ఎంచుకున్నది ఆవిడే. వడ్రంగితో పోట్లాడి మూడుసార్లు పాలిష్ పెట్టించుకుంది. లేత రంగైతే ఇల్లు వెలుగుగా ఉంటుంది కదా అని ఆరోజు టీసీ గారు అన్నందుకు, వంటింటి సంగతి వండేవాళ్ళకి తెలుస్తుందని నోరు మూయించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కబోర్డులు చూపించి మురిసిపోయిన మనిషి, ఇప్పుడు వాటికి మీగడ పులుముతానంటోంది.

ఎందుకూ అని అడిగారు. "చీకటిగా ఉందండీ" అని, ఆవిడ పొయ్యి వైపు తిరిగి ఆల్రెడీ తుడిచిన గట్టునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. నిజం చెప్పేవాడు విసుక్కుంటాడు, అబద్ధం చెప్పేవాడు పని వెతుక్కుంటాడు అన్నది టీసీ గారి సొంత సామెత. ఆవిడ పని వెతుక్కుంటోంది.

ఆయన గుండెలో రాయి పడడానికి కారణం లేకపోలేదు. పై అంతస్తు వాళ్ళు ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు, నల్లటి వంటగది చూస్తే కొనేవాళ్ళు గుమ్మం నుంచే వెనక్కి పోతారని బ్రోకరు మెట్ల మీద నిలబడి చెప్పడం ఆయన చెవులారా విన్నారు. వాళ్ళు కబోర్డులకి తెల్లగా రంగేయించారు, ఇల్లు ఇట్టే అమ్ముడుపోయింది. మరి ఈ ఇల్లేమో ఆవిడ పేరు మీదుంది. కుట్టుమిషను మీద కూచుని, వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టి ఆవిడ కొన్న ఇల్లది. పైగా వేరే ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న మరదలు, "వచ్చెయ్యవే అక్కా, ఇద్దరం హాయిగా కలిసుందాం, బావగారి విచారణలు ఎన్నాళ్ళు భరిస్తావు" అని ఫోన్లో ఎప్పుడూ అంటూనే ఉంటుంది. నవ్వుతూనే అంటుంది. నవ్వుతూ అన్న మాటల్ని టీసీ గారు ఎన్నడూ నమ్మలేదు.

ఇల్లు అమ్మేసి ఆవిడ చెల్లెలి దగ్గరికి పోతుందేమో. ఇదీ ఆయన భయం. ఇల్లు పోతే అద్దె ఇంట్లో ఉండొచ్చు. ఆవిడ పోతే తను ఎక్కడుండాలో ఆయనకి తోచలేదు.

ఇక విచారణ మొదలైంది. ముందుగా అరల్లోంచి గాజు సీసాలు, గాజు గ్లాసులు మాయమయ్యాయి. పక్కింటావిడకి ఇచ్చేశాను, మనిద్దరికీ అన్నెందుకంది ఆవిడ. ఇల్లు మారేవాళ్ళు పగిలే సామానే ముందు వదిలించుకుంటారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కూరలకని వెళ్ళి, చాలాసేపటికి ఖాళీ సంచితో తిరిగొచ్చింది. బాలేవంది. ఊళ్ళో కూరలన్నీ ఒకేసారి బాగుండకపోవడం ఏమిటో ఆయనకి అర్థం కాలేదు. ఇంకోరోజు ఆయన స్నానాల గదిలో నీళ్ళు వదిలిపెట్టి, తలుపు వెనక నిలబడి విన్నారు.

"మీ బావగారికి చెప్పకు" అంటోంది ఆవిడ ఫోన్లో. "ముందు వంటగది అవనీ. అదయ్యాక ఏదైతే అదవుతుంది."

నీళ్ళు బకెట్టు నిండి పొర్లిపోతున్నా ఆయన కదల్లేకపోయారు. బయటికి వచ్చి, ఏమిటిదని అడిగెయ్యొచ్చు. ఎందర్నో నలుగురిలో నిలబెట్టి అడిగిన నోరే. కానీ అడిగితే నిజం చెప్తుందేమోనని భయమేసింది. అందుకని ఊరుకుని, ఇంకా సాక్ష్యాలు పోగు చేశారు.

పెయింటరు వచ్చాడు. పని పది నిమిషాలు చేస్తే కబుర్లు అరగంట చెప్పే రకం. కబోర్డు తలుపులన్నీ విప్పి, ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, దాని మీద మీగడ రంగు రెండు పూతలు వేశాడు. ఒట్టి మీగడ రంగు వదిలేస్తే ఆసుపత్రిలా ఉంటుందనీ, దాని మీద పల్చటి గోధుమ రంగు గ్లేజు పూసి గుడ్డతో తుడిచేస్తే, గాడుల్లోనూ అంచుల్లోనూ మాత్రం కాస్త నిలిచి పాతకాలపు అందం వస్తుందనీ వివరించాడు. మూడు చెక్కముక్కల మీద నమూనాలు చేసి తెచ్చాడు. మొదటిదాని మీద గ్లేజు లేదు. రెండోదాని మీద ఉందా లేదా అన్నట్టుంది. మూడోదాని అంచుల చుట్టూ కాటుక పెట్టినట్టు ముదురు గీత.

ఆవిడ మూడింటినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, మొహానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసింది. మూడోదే కావాలంది. పెయింటరు మొహం వాడిపోయింది. అది నమూనా కాదమ్మగారూ, తుడవడం మర్చిపోయిన చెక్క, పొరపాటున కలిసొచ్చిందన్నాడు. అయినా అదే కావాలంది. తలుపు చుట్టూ, గాడి గాడికీ గీత దిట్టంగా ఉండాలనీ, తన ఇష్టానికి వదిలేస్తే ఇంకా ముదురుగా పూయమనేదాన్ననీ చెప్పింది.

టీసీ గారు పెయింటర్ని వరండాలోకి పిలిచి, అంత ముదురుగా ఎవరైనా ఎందుకు అడుగుతారని గుచ్చి గుచ్చి అడిగారు. వాడు బుర్ర గోక్కుని, కీళ్ళ దగ్గర చెక్క చీలితే కొందరు అలా కప్పిపుచ్చుతారు సార్, కొనేవాళ్ళకి కనబడకుండా అన్నాడు. టీసీ గారు వెళ్ళి చూశారు. కీళ్ళ దగ్గర సన్నగా చీలికలున్నాయి. ఇంకేం కావాలి. దొంగ దొరికిపోయాడు, కానీ ఈసారి దొరక్కపోతే బాగుండుననిపించింది ఆయనకి.

గ్లేజు పూసే రోజున ఆవిడ మళ్ళీ కూరలకని బయల్దేరింది. పెయింటరు తలుపులన్నీ తిరిగి బిగించాడు. పిడులు మాత్రం వార్నిషు ఆరాక బిగిస్తానని పక్కన పెట్టాడు. గ్లేజు పూసి, మధ్యలో తుడిచి, చుట్టూ గీతలు అమ్మగారు చెప్పినట్టే దిట్టంగా వదిలాడు. ఇది ఆరేలోగా ఎవరూ చెయ్యి పెట్టకండి సార్, ఆరితే ఇక చచ్చినా పోదు అని హెచ్చరించి భోజనానికి పోయాడు.

వాడటు వెళ్ళగానే టీసీ గారు పాత బనీను తడిపి పిండి తెచ్చారు. ఒక్కో తలుపునీ పైనుంచి కిందికి తుడిచారు. గాడుల్లో వేలు పెట్టి మరీ తుడిచారు. గోధుమ గీతలన్నీ బనీనుకెక్కాయి. మీగడ రంగు కబోర్డులు గోడలో గోడగా కలిసిపోయి, చీలికలు బయటపడ్డాయి. ఇప్పుడు తీసుకురా నీ కొనేవాణ్ణి అనుకున్నారు. గెలిచానన్న సంబరం చేతులు కడుక్కునేదాకా కూడా నిలవలేదు.

వంటగది కనబడేలా కుర్చీ జరుపుకుని, పేపరు అడ్డం పెట్టుకుని ఆయన ముందుగదిలో కూర్చున్నారు. తన పథకం పాడైందని తెలిసిన క్షణంలో ఆవిడ మొహం ఎలా మారుతుందో చూడాలి. ఇక ఆ మొహమే చెప్పేస్తుంది.

ఆవిడ వచ్చింది. బయట ఎండ మండిపోతోందంటూ తిన్నగా వంటగదిలోకి వెళ్ళి, గ్లాసు కోసం కుడి పక్క కబోర్డు ముందు నిలబడింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. చెయ్యి చాచింది. చెయ్యి తలుపు నడిమధ్యన తగిలింది. ఎడమకి జరిపింది. ఒక తలుపు దాటి ఇంకో తలుపు మీదికి పోయింది. వెనక్కి తెచ్చింది. అరచేత్తో నెమ్మదిగా తడుముతూ, మొహం తలుపుకి ఆనించి, వాసన చూస్తున్నట్టు అంగుళం అంగుళం కదిలింది. కబోర్డు అయిపోయి గోడ వచ్చినా గోడనే తడుముతోంది.

"గీతలేవీ" అంది, తనలో తనే.

టీసీ గారి చేతిలో పేపరు జారిపోయింది. ఆయన ఎప్పుడు లేచారో, ఎప్పుడు గుమ్మంలోకి వచ్చారో ఆయనకే తెలీదు. అలికిడికి ఆవిడ చటుక్కున చెయ్యి తీసేసి, పెయింటరు గీతలు వెయ్యలేదా అని మామూలుగా అడగబోయింది. ఆయన వైపు తిరిగింది గానీ, చూపు ఆయన చెవి దగ్గర ఎక్కడో ఆగింది.

"వేశాడు" అన్నారాయన. "నేను తుడిచేశాను."

ఎందుకని ఆవిడ అడిగింది. ఆయన చెప్పారు. పై అంతస్తు బ్రోకరు నుంచి బకెట్టు పొర్లిన పొద్దుటిదాకా, ఒక్కటీ దాచకుండా చెప్పారు. చెప్తుంటే అన్నీ ఎంత చిన్న సంగతులో ఆయనకే వినబడుతోంది. ఆవిడ పెయింటరు స్టూలు మీద కూలబడింది. ముందు నవ్వొచ్చింది ఆవిడకి. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇల్లు అమ్మేసి వెళ్ళిపోతాననుకున్నారా" అంది. "ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళక్కర్లేకుండా ఉండాలనే కదండీ ఇదంతా."

అప్పుడు చెప్పింది. చూపు మసకబారి ఏడాది దాటింది. కుట్టు మానేసింది, ఆయనతో చెప్పినట్టు నడుం నొప్పికి కాదు, సూదిలో దారం ఎక్కక. డాక్టరు ఇది పెరగడమే గానీ తగ్గేది కాదన్నాడు. కూరల సంచి మోసుకెళ్ళింది ఆ డాక్టరు దగ్గరికే. నల్లటి కబోర్డు మీద నల్లటి పిడి దొరకదు. గాజు గ్లాసు ఉన్నచోట ఏమీ లేనట్టే ఉంటుంది. లేత రంగు మీద ముదురు గీత ఉంటే మాత్రం, ఇంకా కొన్నేళ్ళు ఏ తలుపు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ కాస్త తెలిస్తే చాలు, మిగతాది చెయ్యే చూసుకుంటుంది.

"నాకెందుకు చెప్పలేదు" అని అడిగారాయన.

"చెప్తే ఆ రోజు నుంచీ మీరు నన్ను కాపలా కాస్తారు. అడుగేస్తే అడుగు చూస్తారు. ఉప్పు తీస్తే అది ఉప్పేనా అని చూస్తారు. కళ్ళు పోతే పోనివ్వండి. నా వంటింట్లో నేను దొంగలా బతకలేను."

కాదనడానికి టీసీ గారు నోరు తెరిచారు. అబద్ధమాడడం చేతకాక మూసేశారు. ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు. రంగు మరకల కాగితాల మీద, ధోవతి పాడైపోతుందని కూడా చూసుకోలేదు. ఇన్నాళ్ళూ ఆవిడని అంత తేరిపారా చూస్తూ ఏం చూశానని ఆయనకి దుఃఖం ముంచుకొచ్చింది, ఏడ్చేశారు. ఆవిడ చెయ్యి ఆయన తలని వెతికి పట్టుకుంది.

పెయింటరు వచ్చి చూసి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఈ చేతులతో మళ్ళీ మొదట్నుంచి పూయడం ఇవాళ నావల్ల కాదన్నాడు. గీతలు నేను వేస్తానన్నారు టీసీ గారు. వాడు ఆయన్ని ఎగాదిగా చూసి, గ్లేజు డబ్బా, సన్న కుంచె అప్పజెప్పి, అంచు వెంబడే లాగండి, ఊపిరి బిగబట్టకండి అని నేర్పి, రేపు వార్నిషుకొస్తానని వెళ్ళిపోయాడు.

ఆయన కింది వరస నుంచి మొదలుపెట్టారు. మొదటి గీత వంకర పోయింది. రెండోది దాన్ని చూసి నేర్చుకున్నట్టు ఇంకాస్త వంకర పోయింది. ఆవిడ స్టూలు మీద కూర్చుని, వంకరైతే అయింది, దిట్టంగా పడనివ్వండంది. మధ్యలో లేచి, కిందికి వంగి, చెంప ఆనించినంత దగ్గరగా చూసి, ఇది బాగానే కనబడుతోందంటే ఆయనకి ఎక్కడలేని ఓపికా వచ్చింది. కింది వరస అయిపోయి పై వరసకి వచ్చారు. రెండు తలుపులు పూర్తి చేసి, మెడ నొప్పెట్టి కుంచె దించారు.

ఆవిడ దగ్గరికొచ్చి తలెత్తి చూసింది. గ్లాసుల కబోర్డు వైపు చెయ్యి చాపింది.

"ఇదుగో, దీనికి అన్నిటికంటే చక్కగా వచ్చిందండీ" అంది. "అంచు ఎంత స్పష్టంగా తెలుస్తోందో."

ఆ తలుపు దగ్గరికి కుంచె ఇంకా వెళ్ళనే లేదు. అది ఒట్టి మీగడ రంగులో ఉంది. టీసీ గారు తలుపు వంక చూశారు, ఆవిడ వంక చూశారు. ఆయన సంతోషపడాలని ఆవిడ నవ్వుతోంది. ఆయన పెదాలు విడివడ్డాయి.

"అవునా" అన్నారు. "చెయ్యి తిరిగినట్టుంది."

ఆవిడ తృప్తిగా తలూపి, అన్నం పెడతాను రండి అని, గిన్నెలు పెట్టి ఉంచిన ముందుగదిలోకి నడిచింది. ఆవిడ అడుగుల చప్పుడు గుమ్మం దాటేదాకా ఆగి, ఆయన కుంచె డబ్బాలో ముంచి, ఆ తలుపు చుట్టూ గీత గీయడం మొదలుపెట్టారు.