చెరి సగం

ఇనుప పళ్ళ పంజాతో అడ్డపోగుల పేకను దబదబా దిగ్గొడుతూ, బక్కమ్మ మాటలు వినపడనట్టే కూర్చుంది శకుంతల. కొత్తవాడలో రేకుల షెడ్డు అది. లోపల వరుసగా మగ్గాలు, తలుపు పక్కనున్నది ఆమెది. ఎర్ర నూలు, నల్ల నూలు, మళ్ళీ ఎర్ర నూలు. ఎవరి పెళ్ళి పందిట్లోనో పరవబోయే జంపఖానా మోకాళ్ళ ముందు అంగుళం అంగుళంగా పెరుగుతోంది. నూలు పీచు ఆమె కనుబొమ్మల మీద, ముక్కుపుడక చుట్టూ, మెడ మడతల్లో పేరుకుంది. ఏళ్ళ తరబడి పంజా పట్టిన అరచెయ్యి కాయ కాసి, గోరుతో గిల్లినా తెలియనంతగా మొద్దుబారింది. మనిషి సన్నం. చూపు మాత్రం ఎదుటివాళ్ళను పైనుంచి కిందికి ఒకసారి కొలిచి పక్కన పడేసే రకం.

రాట్నం ముందు నూలు కండెలు చుట్టే బక్కమ్మకు నోరు ఊరుకోదు. మధ్యాహ్నం దవాఖానకు పోవాలని శకుంతల మేస్త్రితో చెప్పడం ఆమె విన్నది. అప్పటి నుంచీ శకుంతల మొగుడు రమాకాంత్ గురించే ఎత్తుకుంది. కోపం లేని మనిషట, తాగుడు లేదట, తెల్ల చొక్కా మాయకుండా దుకాణానికి పోయి వచ్చేవాడట.

“నీకు చేసి చేసి ఆయన మంచాన పడె. ఇంకొకడైతే ఎప్పుడో ఇడిసిపెడుతుండె బిడ్డా.”

శకుంతల తెగిన పోగు ముడేసింది. పెదవి ఒక పక్కకు వంకరపోయింది. బక్కమ్మకు ఏం తెలుసో, ఎంత తెలుసో ఆమెకు అంచనా ఉంది. నీళ్ళ కుండ పక్కన అందరి గ్లాసులూ ఒకే పలక మీద బోర్లించి ఉంటాయి. శకుంతల గ్లాసును మాత్రం ఎవరో ఒకనాడు తీసి కిటికీలో పెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా అడగలేదు. తమ వీధిలో ఉండే చిలుకమ్మే వీళ్ళకు చెప్పి ఉంటుందనుకుంది. దవాఖాన వరుసలో తనను చూసింది ఆమె ఒక్కతే. ఆనాటి నుంచి శకుంతల చిలుకమ్మతో మాట్లాడటం మానేసింది, ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతుంది.

రమాకాంత్, కిషన్ రావు అనే ఆయన చీరల దుకాణంలో సేల్స్‌మన్. అక్కడ అతన్ని చూడాలి. పరుపు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, చీర తర్వాత చీర విప్పి, కొంగు తన భుజం మీదే వేసుకుని, “మీ రంగుకు ఇది ఎట్ల లేస్తదో చూడుండ్రి అమ్మా” అని తేనెలు కార్చేవాడు. అదే మనిషి ఇంటికొస్తే తాగిన గ్లాసు ఉన్న చోటి నుంచి జరిపేవాడు కాదు. పొద్దున అద్దం ముందు పాపిడి సరిచేసుకోవడానికి పట్టే సమయంలో శకుంతల వంట ముగించి, రెండు బిందెల నీళ్ళు పట్టి, మగ్గం దారి పట్టేది. ఆ పాపిడి మీద ఆమెకు మొదటి నుంచీ అసహ్యం.

దీప్తి కడుపులో ఉన్నప్పుడు పరీక్ష చేసి, రక్తంలో హెచ్‌ఐవీ ఉందని చెప్పారు. మొగుణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. అతను రాలేదు. తనకేమీ లేదన్నాడు. తల్లి ముందు, చెల్లెళ్ళ ముందు తల వంచుకుని, పాపం తనదేమీ కానట్టు కూర్చున్నాడు. డాక్టర్లు మందులిచ్చి బిడ్డకు అంటకుండా కాపాడారు. దీప్తి ఇప్పుడు హన్మకొండ హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదువుతోంది. శకుంతల నెలనెలా దవాఖాన వరుసలో నిలబడి గోళీల డబ్బా తెచ్చుకునేది. రాత్రి అన్నం తిన్నాక ఒకటి. కొన్నేళ్ళు ఏ తిప్పలూ లేకుండా గడిచాయి.

తర్వాత ఒక చలికాలం రమాకాంత్ చిక్కిపోయాడు, దగ్గు పట్టుకుంది. ఒక రాత్రి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. పెళ్ళికి ముందు దుకాణం సరుకు కోసం సూరత్ పోయినప్పుడు ఏం చేశాడో అప్పుడు చెప్పాడు. పరీక్షకు పోదాం పదమంటే ఒప్పుకోలేదు. ఆ వరుసలో తనను ఎవరైనా చూస్తే దుకాణంలో ఇజ్జత్ ఉండదన్నాడు. ఆమె డబ్బా వైపు చూశాడు. “చెరి సగం వేసుకుందాం” అన్నాడు.

అతను ఏడవగా ఆమె అంతకుముందు చూడలేదు. ఆ ఏడుపు తన కోసమే అనుకుంది. చాకుతో గోళీని రెండు ముక్కలు చేసి, ఒకటి అతని అరచేతిలో పెట్టింది. ఆ ఏడుపు తెల్ల చొక్కా పరువు కోసమని అర్థం కావడానికి ఎంతో కాలం పట్టలేదు. అయినా రోజూ ముక్కలు చేస్తూనే వచ్చింది. డాక్టరమ్మ గోళీలు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగినప్పుడల్లా వేసుకుంటున్నానని తల ఊపింది. అందుకే తన మీద కూడా శకుంతలకు పెద్ద గౌరవమేమీ లేదు.

పొద్దు నడినెత్తికి రాగానే పంజా పక్కన పెట్టి, చీర దులుపుకుని, ఆటో ఎక్కి పెద్దదవాఖానకు పోయింది.

డాక్టర్ స్నేహలత బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. శకుంతల రక్తంలో వైరస్ బాగా పెరగడం, రమాకాంత్‌ను తెచ్చి వార్డులో చేర్చడం ఒకే కాలంలో జరిగాయి. ఇద్దరి రక్తమూ హైదరాబాద్‌కు పంపి వైరస్ జన్యువుల పరీక్ష చేయించారు. ఇద్దరిలోనూ ఒకే మార్పు కనిపించింది. ఇన్నేళ్ళూ వేసుకున్న గోళీ ఆ మార్పు వచ్చిన వైరస్‌ను ఏమీ చేయలేదు.

ఆ మార్పు ఎట్లా వస్తుందో డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. వైరస్ ఒంట్లో తనలాంటివాటిని తయారు చేసుకుంటూ పోయేటప్పుడు మాటిమాటికీ తప్పులు చేస్తుందట. మందు నిండుగా ఉన్న రక్తంలో దానికి పెరిగే సందే దొరకదు. సగం మందు ఉన్న రక్తంలో మామూలువి చస్తాయి, ఏదో ఒక తప్పు వల్ల మందుకు లొంగనిది బతుకుతుంది. ఇక అదే పెరుగుతుంది, పక్కవాళ్ళకు అంటితే అదే అంటుతుంది.

శకుంతలకు నేతలో తప్పు పడటం తెలుసు. తప్పు పడితే ఆ వరుస విప్పేస్తారు. దీనికి విప్పడం లేదన్నమాట.

“ఎవలి దాంట్ల ముందుగాల వచ్చింది మేడం?”

డాక్టరమ్మ అది చెప్పలేమంది. ఇద్దరి దాంట్లో ఎక్కడైనా పుట్టి ఉండవచ్చంది. తర్వాత గొంతు తగ్గించి, “ఇప్పుడైనా నిజం చెప్పు శకుంతలా. గోళీలు ఎట్ల వేసుకున్నవ్?” అని అడిగింది.

శకుంతల చెప్పింది. చాకు సంగతి కూడా చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు, కళ్ళజోడు తీసి కాసేపు కళ్ళు మూసుకుంది. శకుంతల మొదట్లోనే మందు మొదలుపెట్టింది కనుక ఒంట్లో ఇంకా సత్తువ ఉందట, వేరే రకం గోళీలు ఉన్నాయి, అవి పనిచేస్తాయి. ఇవాళే తీసుకుపొమ్మంది. రమాకాంత్‌కు కూడా అవే మొదలుపెట్టారు గానీ, అతని ఒళ్ళు ఇప్పటికే ఖాళీ అయింది, ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి, మందు పని మొదలుపెట్టే దాకా అతని ప్రాణం ఆగాలి కదా అంది. 

కూడూ గుడ్డా తప్ప ఏదీ పంచుకోని మనిషి దీన్ని మాత్రం తనతో పంచుకున్నాడని శకుంతల అనుకుంటూ మెట్లెక్కింది.

వార్డులో అతని మంచం చివరి కిటికీ పక్కన. ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు, దవడలు లోపలికి పోయాయి, మణికట్టు ఎముక బయటికి పొడుచుకొచ్చింది. జుట్టు మాత్రం తడిపి దువ్వి ఉంది, పాపిడి గీత గీసినట్టు ఉంది. పక్క మంచం వాళ్ళ అమ్మాయిని బతిమాలి దువ్వించుకున్నాడట. శకుంతల ఆ పాపిడి చూసి, స్టూలు కాలితో లాగి కూర్చుంది.

అప్పుడే కిషన్ రావు వచ్చాడు. బంగారు ఉంగరాల చేతిలో హార్లిక్స్ సీసా, మెడ చుట్టూ సెంటు వాసన. భార్యకు బాగలేదని సెలవు పెట్టిన రమాకాంత్ ఫోన్ ఎత్తకపోతే, ఎవరినో అడిగి వార్డు కనుక్కున్నాడు. మంచం మీద ఉన్నది రమాకాంత్ అని తెలియడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.

“నువ్వు పండుకున్నవేంది రమాకాంత్? బాగలేనిది నీ భార్యకు గదా.”

సీసాను శకుంతలకే తెచ్చాడు. చేతికివ్వబోయి, ఆగి, మందులు పెట్టే బల్ల మీద పెట్టాడు. తర్వాత జాలిగా ఆమె వైపు చూసి, రమాకాంత్ దుకాణంలో ఏదీ దాచలేదని, పెళ్ళైనప్పటి నుంచీ ఆమె రోగంతో వేగుతున్నానని చెప్పుకునేవాడని, చెప్పేటప్పుడు కూడా ఆమెను పల్లెత్తు మాట అనేవాడు కాదని, అట్లాంటి ఓపిక ఎవరికీ ఉండదని మెచ్చుకున్నాడు. మగ్గాల షెడ్డు మేస్త్రికి కూడా రమాకాంతే చెప్పాడట, నలుగురూ జాగ్రత్తగా ఉంటారని.

శకుంతలకు కిటికీలో గ్లాసు గుర్తొచ్చింది. చిలుకమ్మ మొహం గుర్తొచ్చింది.

రమాకాంత్ మాస్కు పక్కకు జరిపాడు. యజమాని వైపే చూస్తూ, దుకాణంలో వాడే గొంతు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు.

“ఈమె నుంచే సారూ. ఈమెకు చేసుకుంట చేసుకుంటనే నాకంటింది.”

అట్లా అంటూ ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో భయం లేదు, సిగ్గు లేదు. ఎప్పటిలాగే ఊరుకుంటుందన్న ధీమా ఉంది.

శకుంతల లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

“రోగం ఆయనది సారూ. పెండ్లికి ముందుగాలనే సూరత్ నుంచి తెచ్చుకున్నడు. గోళీలు నాయి. లైన్ల నిలబడ సిగ్గై, ఇన్నేండ్లు నా గోళీల సగం మింగిండు. ఇప్పుడు ఆ గోళీలు ఇద్దరికీ పనిజేస్తలేవు. గది సంగతి.”

పక్క మంచాల వాళ్ళు ఇటు తిరిగారు. కిషన్ రావు ఒక అడుగు వెనక్కి వేశాడు. జేబులోంచి రుమాలు తీసి, ఎవరినీ తాకకపోయినా చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ వస్తానని గొణిగి, మంచం వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. వెనక నుంచి అతని నడక చూస్తూ, ఇన్నేళ్ళూ రమాకాంత్ భయపడింది ఈ మనిషికా అని శకుంతలకు నవ్వొచ్చినంత పనైంది.

రమాకాంత్ కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. “నా ఇజ్జత్ తీసినవ్” అన్నాడు.

“ఉంటే గద, తీసేది.”

మాస్కు మళ్ళీ ముక్కు మీదికి లాగి, తాడు చెవుల వెనక సరిచేసింది. దుప్పటి ఛాతీ దాకా కప్పింది. తర్వాత మందుల కోసం కిందికి దిగింది.

వరుస మెల్లగా కదిలింది. ఆమె ముందు ముసుగు కప్పుకున్న ఒకామె, ఆమె ముందు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన ముసలాయన. కిటికీ అవతల మనిషి కొత్త డబ్బాలిచ్చి, పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని వేసుకోవాలో చెప్పి, ఒక్క పూట కూడా తప్పకూడదన్నాడు. ఎవరికీ ఇవ్వనని ఆమె అంది. అతనికి ఆ మాట అర్థం కాలేదు, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆమె పైకి వచ్చేసరికి నర్సు మాస్కు తీసి పక్కన పెడుతోంది. ఇప్పుడే పోయాడమ్మా, డాక్టర్ కూడా చూసి పోయారు అని చెప్పింది. పెద్ద హడావిడేమీ జరగలేదట. శకుంతల దగ్గరికి పోయి చూసింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడింది. రాలేదు. జాలి కోసం వెతికింది, అది కూడా దొరకలేదు. పొద్దున్నుంచీ ఉన్న ఏవగింపే ఉంది. అయితే దాన్ని చూపించడానికి ఇక ఎదురుగా ఎవరూ లేరు. అది ఆమెకు కొత్తగా, ఒక మెట్టు తప్పి దిగినట్టుగా అనిపించింది.

వరండాలోకి పోయి కూతురికి ఫోన్ చేసింది.

“నాన్న పోయిండు బిడ్డా. నువ్వు ఆటో ఎక్కి రా. దేంతోని పోయిండో నీకు నేనే చెప్త. ఇంకెవలు జెప్పినా ఇనకు.”

అవతల దీప్తి ఏడుస్తుంటే ఫోన్ పెట్టేయకుండా విన్నది. తర్వాత లోపలికొచ్చి అతని చొక్కా, లుంగీ, తువ్వాలు సంచిలో కుక్కింది. బాడీని కిందికి తీసుకుపోవడానికి మనుషులు స్ట్రెచర్ తెచ్చారు. ఆమె సంచి భుజానికి తగిలించుకుని వాళ్ళ వెనక నడిచింది. తలుపు దగ్గర ఉండగా, పక్క మంచం అమ్మాయి వెనక నుంచి పిలిచి, “అక్కా, హార్లిక్స్ మరిచిపోతానవ్” అంది.

“అది నాది కాదు” అని శకుంతల తిరిగి చూడకుండానే మెట్ల వైపు పోయింది.

ఖాళీ మంచం పక్కన, మందుల బల్ల మీద, మూత సీలు కూడా తియ్యని సీసా మీద కిషన్ రావు ఉంగరాల వేళ్ళ జిడ్డు ఇంకా అట్లాగే ఉంది.