మందారం అంటే ఎరుపే

ఆ ఉదయం అఖిల పదకొండు పువ్వులకు ఫోటోలు తీసింది. పన్నెండో పువ్వు దగ్గర నాయిన దొరికిపోయాడు.

నారాయణపేటలో చీరల నూలుకు రంగులద్దే ఆమె నాయిన వెంకటనర్సుకు రంగులన్నీ పూల పేర్లే. మగ్గం మీది నుంచి ఎవరైనా "మందారం పెట్టు" అంటే ఎరుపు, "తంగేడు" అంటే పసుపు. నేతగాళ్ల వాడంతా అదే భాష. ఈసారి ఒక దుకాణం వాళ్లు కొత్త రంగులు అడిగారు. అందుకే తండ్రీ కూతుళ్లు ఎండలో గల్లీలు తిరుగుతున్నారు. ఆయన మెచ్చిన రంగు మధ్యాహ్నం నూలుకు పడుతుంది. ఆ నూలు కోసం నేతగాడు జంగయ్య మగ్గం ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాడు.

"బంతి. ముదురు పసుపు. తీయ్ బిడ్డా."

తీసింది.

"శంఖుపువ్వు. నీలం."

తీసింది. ఆయన తడుముకోకుండా చెబుతుంటే అఖిలకు ముచ్చటేసింది.

భాగ్యలక్ష్మి ఇంటి గోడ మీంచి ఒక కొమ్మ వీధిలోకి వంగి ఉంది.

"ఇగో, మందారం! ఎర్రగ నిప్పు లెక్కున్నది. దగ్గరికి పోయి తీయ్."

అఖిల వేలు ఆగిపోయింది. ఆ పువ్వు పసుపు.

వాకిట్లో గిన్నెలు తోముతున్న భాగ్యలక్ష్మి పకపకా నవ్వింది. "ఎర్రగనా? ఓ నర్సన్నా, పొద్దుగాల్నే మజాకులా? పసుపు మందారమది. మా కోడలు ఏరికోరి తెచ్చింది."

"నాకు తెల్వదా చెల్లె? జర నవ్విద్దామని," అన్నాడు వెంకటనర్సు. అని, ఆగకుండా గల్లీ మలుపు తిరిగాడు.

అఖిల వెనకే నడుస్తూ ఫోటోలు ఒక్కొక్కటే మళ్లీ చూసింది. పదకొండు పువ్వులు, పదకొండు సరైన జవాబులు. కానీ ఆయన వాటిలో ఏ రంగునూ చూడలేదు. ఆకారాన్ని బట్టి పేరు పట్టాడు, పేరులోంచి రంగు చెప్పాడు. ఆమె మెచ్చుకున్నది ఆయన కళ్లను కాదు, నలభై ఏళ్ల జ్ఞాపకాన్ని.

"ఎప్పటి సంది నాయినా?"

ఆయన గోడకు ఆనుకున్నాడు. "ఎండకాలం సంది. అన్నీ చాయ్ మరకల లెక్క కనవడుతున్నయి."

"దవాఖానకు పోదాం."

"పోతే వాడంత తెలుస్తది. రంగు తెల్వనోనికి నూలు ఎవరిస్తరే? గీ ఒక్కసారికి నువ్వు పక్కన నిలవడి చెప్పు. ఎవ్వలకు ఎరుక కాదు."

"నాకు పేర్లు తెలుసు గాని రంగుల పాళ్లు తెల్వయి. ఎంత రంగుకు ఎంత నీళ్లో నీ కన్నే చెప్పాలె. తప్పు పడితే జంగన్న నెల దినాల పని పోతది."

 ఆయన ఇంటి దారి వదిలేసి నేరుగా జంగయ్య ఇంటికి నడిచాడు.

"జంగన్నా, ఇయ్యాల రంగు పడదు. నా కండ్లకు పొరొచ్చింది."

ఖాళీ మగ్గం పక్కన కండె చుడుతున్న జంగయ్య చేతిలో దారం తెగింది. ముడి వేసే దాకా తలెత్తలేదు.

"ఎన్ని దినాలు?"

"ఏమో. ఆపరేషన్ అంటరు కావచ్చు."

"గిదా? నేనింకా నూలు వేరేటోనికిచ్చినవనుకుని పొద్దుటి సంది నిన్ను తిట్టుకుంటున్న." ముడి బిగించాడు. "అప్పటిదాక తెల్ల పంచెలు నేస్త. చీర నువ్వొచ్చినంకనే."